సిట్టింగు లేని మందు

గోవర్ధనరావుకి వాళ్ళక్క ఝాన్సీలక్ష్మి మాటంటే వేదం. ఆవిడ రొయ్యపిల్లల్ని ఎప్పుడు వెయ్యమంటే అప్పుడు వేశాడు, ఎప్పుడు పట్టమంటే అప్పుడు పట్టాడు. దివిసీమలో సగం చెరువులు తెగుళ్ళొచ్చి మునిగిపోయిన ఏడు కూడా ఆవిడ ధర్మమా అని ఒడ్డున పడ్డాడు. అంతగా నమ్మినవాడు కూడా, మేనకోడలు అలేఖ్య పెళ్ళి దగ్గరపడుతుండగా అక్క చెప్పిన మాటకి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"పెళ్ళి మర్నాడు మాంసం భోజనాల్లో మగపెళ్ళివారికి విస్కీ వద్దు తమ్ముడూ. వైన్ పోద్దాం" అందావిడ.

"వైనా? అక్కా, వాళ్ళు గుడివాడ వాళ్ళే! పూర్ణచంద్రరావు గారు మూత తియ్యకుండానే బ్రాండు చెప్తారట. ఆయనకి ద్రాక్షరసం పోస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అందుకే విడిది గదిలో పొయ్యం. అన్నం బంతిలో పోద్దాం."

గోవర్ధనరావుకి ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తలూపడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు.

ఈ పూర్ణచంద్రరావు పెళ్ళికొడుకు అనుదీప్‌కి పెదనాన్న. తండ్రి లేని పిల్లాణ్ణి చదివించి ఇంతవాణ్ణి చేసింది ఆయనే. గుడివాడలో రైసుమిల్లు ఉంది, నలుగురికీ సాయంచేసే చెయ్యి ఉంది. కట్నం ఊసెత్తితే తమ్ముడి భార్యని కూడా కసిరినవాడు. మనిషి బంగారం. ఆయనతో వచ్చిన చిక్కల్లా సిట్టింగు. ఏ పెళ్ళికి వెళ్ళినా నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని గదిలో దూరతాడు. సోడాలు, ఐసుముక్కలు, వేయించిన జీడిపప్పు, కోడి వేపుడు, పాత కబుర్లు. తలుపు వేశాక ఆయన ఎప్పుడు బయటికొస్తాడో ఆయనకే తెలియదు. బయట విస్తళ్ళు వేసి, అన్నం వార్చి, వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడి ఉంటారు. మగపెళ్ళివారు తిని లేవందే ఆడపెళ్ళివారు ముద్ద ముట్టకూడదు. ఈ రూలు ఎవరు పెట్టారో గాని, వాడు మటుకు కడుపునిండా తిని పెట్టి ఉంటాడు.

ఈ రూలు ఝాన్సీలక్ష్మికి కొత్తకాదు. ఉప్పెన వచ్చిన పదిహేనేళ్ళకి ఆవిడ పెళ్ళయింది. ఆ మర్నాటి భోజనాలకి మొగుడి తరఫు పెద్దాయనొకడు ఇలాగే గదిలో కూర్చున్నాడు. వాళ్ళ నాన్నగారు తలుపు బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు. "బావగారూ, విస్తళ్ళు వేశాం, దయచెయ్యండి" అని పిలిచారు. లోపల్నుంచి నవ్వులు వినపడ్డాయి. మళ్ళీ పిలిచారు. ఊళ్ళో పంచాయితీ చేసే మనిషి, ఎవరిముందూ తల వంచని మనిషి, మూసిన తలుపుతో మాట్లాడారు. కూతురు కిటికీలోంచి అంతా చూసింది. పక్కనే నిలబడ్డ గోవర్ధనరావు, అప్పటికి ఇంటరు చదువుతున్న కుర్రాడు, తండ్రి మొహం చూడలేక వంటపందిట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాన్నగారు పొద్దువాలాక, గిన్నెల అడుగున మిగిలిన చల్లన్నం తిన్నారు. ఆ సంగతి ఆయన బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు. ఝాన్సీలక్ష్మి మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ చేతులు కట్టుకుని నిలబడే వంతు గోవర్ధనరావుది. మేనమామ గనక విడిది మర్యాదలన్నీ అతని నెత్తినే ఉన్నాయి. బావగారు, అంటే అలేఖ్య తండ్రి, మెతక మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. "నాన్న నిలబడ్డచోట నువ్వు నిలబడకూడదు. నా కూతురు అది చూడకూడదు" అంది అక్క.

వైన్ సంగతి ఆవిడకి బందరులో తెలిసింది. చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలకోసం పెడన వెళ్ళి, అక్కణ్ణుంచి బందరులో ఆడపడుచు కొడుకు నితిన్ ఇంటికి వెళ్ళింది. మహారాష్ట్రలో ఎవరో పెట్టిన కొత్త వైన్ కంపెనీలో వాడు రెప్రజెంటేటివు. మన జిల్లా అంతా వాడిదే, అయితే జిల్లా అంతా తిరిగినా వాడి సరుకు కొనేవాడు లేడు. మన వైన్ షాపుల్లో అన్నీ ఉంటాయి, వైన్ మాత్రం ఉండదు. అలమరలో బారుగా పెట్టుకున్న సీసాలూ టిన్నులూ చూపించి, "ఎర్రది సీసాల్లో వస్తుందత్తా, తెల్లది టిన్నుల్లో. చవక సరుకే, మామూలు జనం తాగాలని చేసిందే. అయినా ఎవడూ తీసుకోడు, కిక్కు లేదంటారు" అని వాపోయాడు.

"దీన్నెలా తాగాలిరా?" అని అడిగిందావిడ.

"అన్నంతోపాటే అత్తా. ఓ ముద్ద, ఓ గుక్క. గదిలో కూర్చుని తాగేది కాదిది."

ఝాన్సీలక్ష్మి చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "మళ్ళీ చెప్పు" అంది. వాడు మళ్ళీ చెప్పాడు. సోడా అక్కర్లేదు, నంజుకునే స్టఫ్ అక్కర్లేదు, సిట్టింగు అక్కర్లేదు. భోజనమే దీనికి స్టఫ్. ఒక టిన్ను తెరిపించి, మేనల్లుడి ముందే గుక్కెడు నోట్లో పోసుకుంది. ముందు మొహం చిట్లించింది, తర్వాత ఆలోచించింది. "పచ్చిద్రాక్ష కొరికినట్టుంది. పీతల కూరలోకి బాగుంటుంది" అని తేల్చింది. జీవితంలో మొదటిసారి మందు నోట పెట్టిన మనిషి అన్న మాట అది. ఆ క్షణాన పుట్టింది ఈ పథకం. ఆడవాళ్ళు మొగుళ్ళ సీసాలు పారబోయడం చూశాం, దేవుడి పటం మీద ఒట్టు వేయించుకోవడం చూశాం. సీసాని తీసుకొచ్చి విస్తరి పక్కన కూర్చోబెట్టి, దానికి అన్నంతో వియ్యం కలిపిన మనిషిని గోవర్ధనరావు ఇంకెక్కడా చూడలేదు.

సరుకు వచ్చింది. ఎక్సైజు వాళ్ళ పర్మిట్టూ వచ్చింది. విస్కీకి అయ్యేదాంట్లో సగం కూడా కాలేదు. పెళ్ళి ముందురోజు నితిన్ ఫోన్ చేశాడు. "బాబాయ్, నాకు విశాఖపట్నంలో మీటింగు పడింది, రాలేను. ఓపెనరు ఉందా మీ దగ్గర, పంపించమంటావా?"

"ఓపెనర్లకి కరువేంట్రా దివిసీమలో? ఇంటింటికీ ఒకటుంది" అన్నాడు గోవర్ధనరావు.

పెళ్ళి నిక్షేపంలా జరిగింది. పప్పన్నం రోజున సీసా ముట్టే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి మాటా రాలేదు, మాటా పోలేదు. మర్నాడు కొబ్బరితోటలో షామియానా వేశారు. రొయ్యలు ఎగుమతి చేసే థర్మోకోల్ పెట్టెల్లో నాగాయలంక ఐసు పోసి, అందులో టిన్నులు పాతిపెట్టారు. బల్లలమీద అరిటాకులు పరిచి, నలుగురికొకటి చొప్పున ఎర్ర సీసాలు నిలబెట్టారు. నాటుకోడి పులుసు, రొయ్యల వేపుడు, పీతల ఇగురు, గోంగూర మాంసం. పులిగడ్డ దాటామని మగపెళ్ళివారి కబురు రాగానే అన్నం వార్చమంది ఝాన్సీలక్ష్మి.

గుడివాడ కార్లు వచ్చి ఆగాయి. పూర్ణచంద్రరావు తెల్లపంచె సర్దుకుంటూ దిగాడు. పక్కనే ఆయన స్నేహితుడు సోమేశ్వరరావు, వెనకాల మిగతా బలగం. ఆయన కళ్ళు అలవాటు ప్రకారం గదికోసం వెతికాయి. గోవర్ధనరావు ఎదురెళ్ళి నేరుగా బంతిలోకి తీసుకెళ్ళాడు.

"ఇక్కడేనా?" అన్నాడాయన సీసాల వంక చూసి.

"ఇక్కడే బావగారూ. భోజనంతోపాటే. అక్క ఏర్పాటు."

ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి గాని, మర్యాదస్తుడు, కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడు గనక అందరూ కూర్చున్నారు. వేడన్నం విస్తళ్ళలోకి వచ్చింది. "సరే కానివ్వండి. తియ్యవయ్యా మూత" అన్నాడు.

గోవర్ధనరావు జేబులోంచి ఓపెనరు తీశాడు. సీసా మెడకున్న రంగుకాగితం చింపాడు. లోపల రేకుమూత లేదు. సీసా మూతికి సమానంగా, పట్టుకోవడానికి గోరంత సందు కూడా లేకుండా బిరడా బిగించి ఉంది. అతను ఓపెనరుని ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. మర తిప్పి లాగే ఓపెనరొకటి లోకంలో ఉంటుందని, నితిన్ అడిగింది దాని గురించని అప్పుడు తట్టింది. ఒళ్ళంతా చెమట పట్టింది. వంటవాళ్ళ దగ్గర కత్తి తెప్పించి పొడిస్తే బిరడా పొట్టు పొట్టుగా రాలింది. ఇంకోదాన్ని గరిటె కాడతో లోపలికి పొడిచాడు. బిరడా దిగింది, దాంతోపాటు ఎర్రటి రసం చిమ్మి సోమేశ్వరరావు లాల్చీ మీద పడింది. కుర్రాళ్ళు పకపకా నవ్వారు. పెళ్ళికొడుకు అనుదీప్ తల వంచుకున్నాడు. అలేఖ్య వంటపందిరి గుంజ పట్టుకుని చూస్తోంది.

సోమేశ్వరరావు లాల్చీ దులుపుకుంటూ, "పూర్ణయ్యా, కారు డిక్కీలో మన సరుకు ఉందిగా. వీళ్ళీ తవ్వకాలు పూర్తి చేసేలోపల మనం అలా వెళ్ళొద్దాం" అన్నాడు.

పూర్ణచంద్రరావు లేచాడు. కోపమేమీ లేదు. నవ్వుతూనే, "మీరు సీసాలు తీస్తూండండి బావగారూ. మేం కారుదాకా వెళ్ళొస్తాం" అన్నాడు. ఆ వెళ్ళిరావడానికి అర్థమేంటో తోటలో అందరికీ తెలుసు. ఆయన వెనక నలుగురూ లేచారు. విస్తళ్ళలో అన్నం మీద ఆవిరి లేస్తూనే ఉంది. వాళ్ళు లేవగానే వడ్డించేవాళ్ళు గరిటెలు దించేశారు.

గోవర్ధనరావు వాళ్ళ వెంట పరిగెత్తాడు. "బావగారూ, ఒక్క నిమిషం, విస్తళ్ళు వేశాం, దయచెయ్యండి" అన్నాడు. తన గొంతులోంచి నాన్నగారి గొంతు వచ్చింది. చూసుకుంటే చేతులు కూడా కట్టుకునే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అక్క ఒక్క పని చెప్తే, ఒకే ఒక్క పని, దాన్ని బిరడా దగ్గర పాడుచేశాడు.

అప్పుడు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఝాన్సీలక్ష్మి పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, పూర్ణచంద్రరావు వదిలి వెళ్ళిన విస్తరికి ఎదురుగా, బంతిలో కూర్చుంది. పెళ్ళికూతురి తల్లి మొదటి బంతిలో కూర్చోవడమా! ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ అంతటితో ఆగలేదు. వెనకాల చెట్టునీడన నిలబడున్న పూర్ణచంద్రరావు భార్య రామలక్ష్మిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఆయన కుర్చీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "మాకూ వడ్డించండర్రా" అంది. వడ్డించారు. పెట్టెలోంచి ఓ టిన్ను తెప్పించుకుని, ఐసునీళ్ళు కొంగుతో తుడిచి, కొక్కెం లాగింది. టప్‌మని తెరుచుకుంది. కత్తీ అక్కర్లేదు, గరిటె కాడా అక్కర్లేదు. పొయ్యేకాలం వచ్చి ఇంతసేపు సీసాలతో కుస్తీ పట్టానేంటా అనుకున్నాడు గోవర్ధనరావు. ఆవిడ ఆ టిన్నుని రెండు గ్లాసుల్లోకి సగం సగం వంచి, ఒకటి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ!" అని పిలిచింది. గొంతేం పెంచలేదు, అయినా కార్లదాకా వినపడింది. "నేను విస్తరి ముందు కూర్చున్నాను. మీరొచ్చి ముద్ద ఎత్తితే నేనూ ఎత్తుతాను. మీరు కారుదగ్గర ఎంతసేపుంటే నేనూ ఇక్కడ అంతసేపు కూర్చుంటాను, లేవను. పిల్లనిచ్చుకున్నదాన్ని ఆకలితో కూర్చోబెట్టే మనిషి కారు మీరు, నాకు తెలుసు."

మగపెళ్ళివారు తినేదాకా ఆడపెళ్ళివారు ఆగడం మర్యాదే. కాని వడ్డించిన విస్తరి ముందు పిల్లతల్లిని పస్తు కూర్చోబెట్టి మగపెళ్ళివారు కారు డిక్కీ దగ్గర తాగారంటే, వాళ్ళ కార్లు పామర్రు దాటకముందే ఆ కబురు గుడివాడ చేరుతుంది. మర్యాదతో వచ్చినవాణ్ణి మర్యాదతోనే కట్టేసింది ఆవిడ. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఆవేళ రెండింటికీ సరిపోయే మనిషిని గోవర్ధనరావు కళ్ళారా చూశాడు. అది తన అక్కయినందుకు అతనికి ఛాతీ ఉప్పొంగింది.

పూర్ణచంద్రరావు కారు తలుపు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగాడు. సోమేశ్వరరావు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. తిరిగొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "చెల్లెమ్మా, మిల్లులో యూనియను వాళ్ళు కూడా నన్నిలా పట్టుకోలేదమ్మా" అన్నాడు. నవ్వు మొదలైంది గాని ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆయన పీతల ఇగురు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టాడు. ఎదురుగా ఝాన్సీలక్ష్మి కూడా పెట్టింది. ఆయన గ్లాసెత్తి గుక్కెడు తాగాడు. ఆవిడా తాగింది, అందరి ముందూ, తొణక్కుండా.

ఆయన గ్లాసు దించలేదు. ఆ గుక్కని నాలిక మీద ఉంచుకుని చూశాడు. ఇంకో ముద్ద, ఇంకో గుక్క. "ఇదేంటిది? కారం నోరు పట్టుకునేలోపల ఇది కడిగేస్తోంది. మళ్ళీ పీత దగ్గరికి పొమ్మంటోంది" అన్నాడు.

"చవక సరుకు అన్నయ్యగారూ. మా మేనల్లుడి కంపెనీది."

"చవకో ఖరీదో, దీనికి బుద్ధుందమ్మా. విస్కీ కూర్చోబెడితే లేవనివ్వదు. ఇది అన్నానికి దారి వదులుతోంది." అని మిగతావాళ్ళవైపు తిరిగి, "ఏంటయ్యా అలా నిలబడ్డారు, రండి, టిన్నులు పుచ్చుకోండి" అని కేకేశాడు. డిక్కీలో సీసా డిక్కీలోనే ఉండిపోయింది. టిన్నులు టపటపా తెరుచుకున్నాయి. తవ్వకాలని ఎగతాళి చేసిన సోమేశ్వరరావే అందరికంటే ముందు రెండో టిన్ను అడిగాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా?

కాసేపయ్యాక పూర్ణచంద్రరావు చూపు బల్లమీది ఎర్ర సీసామీద పడింది. మరలూ బోల్టులూ చూస్తూ పెరిగిన మనిషి, తెరుచుకోని వస్తువుని చూస్తే ఆగలేడు. డ్రైవరు యలమందని పిలిచి కారులో పనిముట్ల సంచి తెప్పించాడు. వేలెడు పొడవున్న మరమేకొకటి ఏరి, సీసాని మోకాళ్ళమధ్య బిగించి, స్క్రూడ్రైవరుతో బిరడాలోకి తిప్పి తిప్పి దించాడు. ఆపైన కటింగ్ ప్లేయరుతో మేకు తల పట్టుకుని లాగాడు. బిరడా ముక్క విరక్కుండా బయటికొచ్చింది. బంతంతా చప్పట్లు కొట్టింది. ఎంగిలి చెయ్యి వెనక పెట్టుకుని ఎడమచేత్తోనే స్క్రూడ్రైవరు తిప్పుతున్న ఆయన్ని చూస్తే గోవర్ధనరావుకి ముచ్చటేసింది.

"నువ్వెందుకయ్యా బావా ఇంకా నిలబడ్డావ్? చేతులు కట్టుకుని అలా చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు. కూర్చో. మీవాళ్ళందర్నీ కూర్చోమను" అన్నాడాయన.

గోవర్ధనరావు కూర్చున్నాడు. అలేఖ్య తండ్రి కూర్చున్నారు, అలేఖ్యని అనుదీప్ పక్కన కూర్చోబెట్టారు, పిల్లలూ ముసలివాళ్ళూ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు. ఎవరు మగపెళ్ళివారో ఎవరు ఆడపెళ్ళివారో తెలియని బంతి ఆ ఊళ్ళో అదే మొదటిది. అక్క వంక చూశాడు. ఆవిడ తలెత్తకుండా తింటోంది. ఆకలేసినట్టు, ఆత్రంగా తింటోంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోవడం లేదు.

పూర్ణచంద్రరావు మూడో సీసా మోకాళ్ళమధ్య పెట్టుకున్నాడు. అప్పుడు పక్కన రామలక్ష్మి చెయ్యి ఆగిపోవడం చూశాడు. కలిపిన ముద్ద విస్తట్లోనే పట్టుకుని ఆవిడ దానివంకే చూస్తోంది.

"ఏంటి, కారంగా ఉందా?" అన్నాడు.

"కాదండీ. వేడిగా ఉంది."

"వేడన్నం వేడిగా ఉండక చల్లగా ఉంటుందా?"

రామలక్ష్మి అదేమీ పెద్ద విషయం కానట్టు, నెమ్మదిగా చెప్పింది. "మీతో వెళ్ళిన ఏ పెళ్ళిలోనూ నేను వేడన్నం తినలేదండీ. మీరు లేచి వచ్చేసరికి ఆలస్యం అయ్యేది, మీరు తిన్నాక తినేదాన్ని. పెళ్ళిభోజనమంటే చల్లగానే ఉంటుందనుకున్నాను."

ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు. ఉన్నమాట చెప్పి మళ్ళీ విస్తట్లోకి చూసుకుంది. పూర్ణచంద్రరావు చేతిలో స్క్రూడ్రైవరు కదల్లేదు. ఎర్రటి పెద్ద మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. గోవర్ధనరావు చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకున్నాడు.

ఆయన సీసా కింద పెట్టి ఎంగిలి చెయ్యి కడుక్కున్నాడు. అటుగా వెళ్తున్న వడ్డించేవాడి చేతిలోంచి అన్నం బేసిను అందుకుని, గరిటెతో పైనున్న అన్నం పక్కకి తోసి, అడుగునుంచి పొగలు కక్కే అన్నం తీసి భార్య విస్తట్లో వేశాడు. నెయ్యి కూడా తనే వేశాడు.

"తిను రామలక్ష్మీ. చల్లారిపోతుంది" అన్నాడు.